సామాను పేరు: హస్తవాసి

వివరణ 1

ఎస్టిమేటు వారికి, కరకట్ట షెడ్డు నుంచి నాంచారయ్య రాస్తున్నది.

ముందు నా ఫిర్యాదు రాస్తాను. మీరడిగింది తర్వాత రాస్తాను. నేల మీదా నీళ్ళ మీదా పోయే ఈతబండి పంకా షాఫ్టుకు సీలు మార్చే పనికి మీ జాబితాలో ఒకే ఒక్క వరుస ఉంది. నేను మార్చినా అదే వరుస, అవతలి గట్టున గురవయ్య మార్చినా అదే వరుస. గురవయ్య సీలు వేసిన బండి రెండో లంక దాటేసరికి నీళ్ళు తాగుతుంది. నేను వేసిన బండి పోటు మీద వెళ్ళి కూడా పొడి అడుగుతో తిరిగొస్తుంది. కట్ట మీద ఎవరినడిగినా ఈ తేడా చెబుతారు. మీరు పెట్టిన ఎస్టిమేటు తెరకు మాత్రం తెలియదు. ఆ తెర మా షెడ్డుకు వచ్చినప్పటి నుంచీ ఈ సంగతి అడుగుతూనే ఉన్నాను. ప్రతిసారీ ఒకే జవాబు: "పని ఒకటే, వరుస ఒకటే."

పని ఒకటే కావచ్చు. చెయ్యి వేరు.

ఇప్పుడు జాబితాలో లేని సామానునూ కూలినీ షెడ్డువాళ్ళే చేర్చుకోవచ్చన్నారు. చేర్చినవాడు వారం వారం తన మాటల్లో వివరణ రాయాలన్నారు. రాస్తున్నాను. నా చదువు మూడో తరగతి. అక్షరాలు ఒక్కొక్కటే వేలితో కొడతాను. తప్పులు ఆగ్నేసమ్మ దిద్దుతుంది. మాటలు మాత్రం దిద్దనివ్వను.

ఆగ్నేసమ్మ మా షెడ్డులో తెర ముందు కూర్చునే మనిషి. బండికి ఏం పోయిందో నేను చెబితే, ఆమె జాబితాలో వెతికి ఎస్టిమేటు కడుతుంది. పనయ్యాక ఒక్కో వరుసకూ టిక్కు పెడుతుంది. అన్నిటికీ టిక్కు పడితేనే బండి లేస్తుంది. ఒక్క వరుస మిగిలినా లేవదు, జాబితాలో లేని పని ఒక్కటి చేసినా లేవదు. నడిపే మనుషులున్న రోజుల్లో "పోనీలే నాంచారయ్యా, వెళ్ళొస్తా" అనేవాడొకడు ఉండేవాడు. ఇప్పుడు బండే ఎస్టిమేటు చదువుకుంటుంది. దానికి పోనీలే రాదు.

మొదట గుగ్గిలం చేర్చాము. అడుగు రేకుల అతుకుల్లో నూనెతో కాచిన గుగ్గిలం పూస్తే ఉప్పునీరు రాదు. మా తాతలు పడవలకు పూసేవారు. ఇన్నాళ్ళూ మీ జాబితాలో లేదు కాబట్టి పూయలేకపోయాము. సామాను: గుగ్గిలం. కూలి: కాచి పూయడం. పూటకల్లా ఒప్పుకున్నారు. బాగుంది.

ఆ ఉత్సాహం మీదే అన్నాను, "ఆగ్నేసూ, ఇంకొకటి కూడా చేర్చు. హస్తవాసి."

ఆమె నా వైపు తిరిగి కళ్ళద్దాలు పైకి తోసుకుంది. "ఏంది బాబాయ్, ఎండకు గాని తిరిగొచ్చావా?"

"చేర్చవే. కూలి కింద పెట్టు."

"పనిముట్టు ఏందని అడుగుతుంది."

"చెయ్యి."

"ఎంతసేపు పడుద్ది అంటుంది."

"చెయ్యి పడ్డంతసేపు."

"ఈ పని ఇంకెవరన్నా చెయ్యగలరా అని అడుగుతుంది బాబాయ్. చూసి చెప్పు."

చూసి చెప్పేదేముంది. "చెయ్యలేరు" అన్నాను. ఆమె కొట్టింది. వెనక చేసిన రిపేర్లకు కూడా వర్తించాలా అని అడిగారు. ఈ చేత్తో బిగించిన ప్రతి బండికీ వర్తించాలని చెప్పాను.

అదీ సంగతి. మీరడిగిన వివరణ ఇదే. హస్తవాసి అంటే ఏమిటని మీరు మళ్ళీ అడిగారు. ఒకే మందు ఇద్దరు వైద్యులిస్తే ఒకరి చేత్తో తగ్గుతుంది, ఇంకొకరి చేత్తో తగ్గదు. ఒకే గింజ ఇద్దరు నాటితే ఒకరిదే మొలుస్తుంది. అది. ఇంతకు మించి ఎవరికీ తెలియదు. తెలిస్తే నాకూ చెప్పండి.

వివరణ 2

మీ జవాబు అందింది. ఆగ్నేసమ్మ చదివి వినిపిస్తూ మధ్యలో ఆగి నవ్వింది, మళ్ళీ చదివింది, మళ్ళీ నవ్వింది.

"మరొకరు చేయలేని పనిని కూలిగా లెక్కించడం సాధ్యం కాదు. ఐటెం సామాను జాబితాకు మార్చబడింది. సామాను పేరు: హస్తవాసి. నిల్వ ఉన్న చోటు: కరకట్ట షెడ్డు. నిల్వ: ఒకటి."

"అంటే ఏందే?" అన్నాను.

"అంటే నువ్వు ఇప్పుడు పనోడివి కాదు బాబాయ్, బేరింగువి. రాత్రిళ్ళు ఇంటికి పోకు, బీరువాలో పెట్టి తాళమేస్తా."

నాకు కోపం రాలేదు. నిజం రాస్తున్నాను, లోపల కాస్త గర్వంగానే అనిపించింది. ఈ కట్ట మీద ఎంతమంది మెకానిక్కులున్నా జాబితాకెక్కిన చెయ్యి నాదొక్కటే. పైగా సామాను అన్నాక దానికొక నాణ్యత ఉంటుంది, దాన్ని చూసేవాళ్ళుంటారు. మీరూ అదే రాశారు: "ఈ సామాను ఉన్న బండ్లను, లేని బండ్లను పోల్చి చూస్తున్నాము. కారడం, ఆగిపోవడం, మునగడం లెక్కలోకి తీసుకుంటాము."

ఆ వాక్యాన్ని ఆగ్నేసమ్మ చేత మళ్ళీ మళ్ళీ చదివించుకున్నాను. నా బతుకంతా జనం నా చేతిని పొగిడారు, నేను విన్నాను. కొలిచినవాడు మాత్రం లేడు. కొలవచ్చన్న ఆలోచనే నాకు రాలేదు. ఎలా కొలుస్తారు? ఏ బండి పక్కన ఏ బండిని పెడతారు? అదే దారి, అదే బరువు, అదే అలల మీద పోయిన బండ్లు రెండు దొరుకుతాయా? మీ పద్ధతి చెప్పమని అడిగాను. "పద్ధతి వెల్లడించబడదు" అన్నారు. సరే. ఫలితమైనా చెబుతారనుకుంటున్నాను.

వివరణ 3

ఈ వారం గురవయ్య వచ్చాడు. అతడు మా షెడ్డు గడప తొక్కి ఎన్నేళ్ళయిందో అతడికీ గుర్తు లేదు.

"ఏం గురవయ్యా, దారి తప్పావా?"

"తప్పించారు నాయనా. నా షెడ్డులో ఒక్క బండి లేవటంలా. సీలు ఏశా, బెల్టు ఏశా, అన్నిటికీ టిక్కు పడింది. చివర్న ఎర్రగా ఒక వరుస. సామాను లోపం: హస్తవాసి. ఇదెక్కడ దొరుకుద్దిరా దేవుడా అని చూత్తే నీ షెడ్డు పేరు చూపిచ్చింది."

ఒకే రకం బండ్లకు ఒకే సామాను ఉండాలన్నది మీ నియమం. నా బండ్లకు ఉన్న సామాను అతడి బండ్లకు లేదు. అందుకని లేవడం లేదు. నేను ఆ మాట విని నవ్వు ఆపుకోలేకపోయాను.

"నవ్వు, నవ్వు" అన్నాడు గురవయ్య. "ఇన్నాళ్ళూ నీ చెయ్యి నీ నోట్లోనే ఉందనుకున్నా. ఇప్పుడు నా బండ్లలోకీ దూరింది. వచ్చి పెట్టి పో. ఆర్డరు పెట్టమంటే పెడతా."

వెళ్ళాను. అతడి బండి ముక్కు మీద అరచెయ్యి ఆనించి, మా బండ్లను తట్టినట్టే రెండు తట్లు తట్టాను. బండి లేవలేదు. గురవయ్య నా మొహంలోకి చూశాడు. నేను బండి వైపు చూశాను. ఎడమ చేత్తో తట్టాను. నూనె తుడుచుకుని తట్టాను. మళ్ళీ నూనె పూసుకుని తట్టాను. కదల్లేదు. ఇంతలో ఆగ్నేసమ్మ మా షెడ్డు నుంచే టిక్కు పెట్టింది కాబోలు, బండి ఉలిక్కిపడ్డట్టు లేచి నీళ్ళలోకి దిగిపోయింది.

ఆ తర్వాత బండ్లు వాటంతటవే రావడం మొదలైంది. మనిషి తోడు లేకుండా రేపల్లె వైపు నుంచి, బాపట్ల వైపు నుంచి వచ్చి కట్ట కింద వరసగా నిలబడేవి. వాటికి రిపేరేమీ లేదు. చెయ్యి కావాలి, అంతే. నాకొక ఆలోచన వచ్చింది. ఒక బండిని నేను తాకకుండా ఆగ్నేసమ్మను టిక్కు పెట్టమన్నాను. లేచి పోయింది. ఇంకొకదాన్ని ఆమె చేత తట్టించి టిక్కు పెట్టమన్నాను. అదీ పోయింది. ఒకదానికి మోచెయ్యి ఆనించాను. పోయింది. నేను చుట్టూ తిరిగి, చెవి ఆనించి, పంకా తిప్పి, మనసారా చెయ్యి వేసి టిక్కు పెట్టించిన బండి కూడా అవి పోయినట్టే పోయింది.

"చూశావా బాబాయ్, అంతా నా టిక్కులోనే ఉంది" అంది ఆగ్నేసమ్మ.

"లేవడం టిక్కులో ఉంది. మునక్కుండా ఉండటం ఎందులో ఉందో అది తేలాలి" అన్నాను.

ఆమె నవ్వలేదు. "అది నాకూ తెలుసుకోవాలనే ఉంది" అంది.

ఎస్టిమేటు వారూ, తాకినవాటినీ తాకనివాటినీ నేను చెప్పకుండా కలిపేశాను. మీ పోలికలో మీకు తెలియకుండానే ఇంకొక పోలిక ఉంది. ఏవి ఏవో నాకు గుర్తున్నాయి. మీ లెక్క రాగానే నా లెక్కతో సరిచూస్తాను. ఇంత ఆత్రం నాకు పెళ్ళప్పుడు కూడా లేదు.

వివరణ 4

సామాను అన్నాక తయారైన సంవత్సరం కావాలని అడిగారు.

ఆగ్నేసమ్మ వద్దంది. "ఏదో ఒకటి ఏత్తాలే బాబాయ్. నిరుడు తయారయిందని కొట్టేత్తా."

"నేను నిరుడు పుట్టానా?"

"నువ్వు పుట్టింది కాదు, సామాను పుట్టింది అడుగుతుంది."

"సామాను నేనే కదే. నా వయసు దాచుకునే రోజులు కావు. సముద్రం మొదటిసారి కట్ట దాటిన ఏడు మా అమ్మ నన్ను అటక మీద కన్నది. అదే కొట్టు."

కొట్టింది. మీ జవాబు మర్నాడు పొద్దున్నే వచ్చింది: "మనిషి చేతికి ప్రమాణ కాలం నమోదై లేదు. దగ్గరి సామానులైన రబ్బరు, తోలు, కీలు ప్రకారం లెక్కించగా గరిష్ఠ కాలం దాటింది. ఇది కాలం చెల్లిన సామాను. ఇది అమర్చిన బండ్లన్నీ సామాను మార్చేవరకు నిలిపివేయబడతాయి."

రబ్బరు, తోలు, కీలు. అంత తప్పేమీ లేదు. పొద్దున లేచేసరికి నా వేళ్ళు ముడుచుకునే ఉంటాయి. కానీ ఒక మాట. పాత చెయ్యి చెడ్డ చెయ్యని మీకెవరు చెప్పారు? పోల్చి చూస్తున్నామన్నారు గదా, ఆ పోలిక ఏం చెప్పింది? అది చూడకుండా వయసు చూసి పక్కన పెట్టడం పెళ్ళిసంబంధంలో చేస్తారు, రిపేరులో కాదు.

ఇది రాస్తుండగానే కట్ట కింద ఉన్న బండ్లన్నిటికీ ముందు దీపాలు ఎర్రబడ్డాయి.

వివరణ 5

ఇది వారం తిరక్కముందే రాస్తున్నాను.

మీరాబీ గురించి మీకు తెలియాలి. ఆమె బండి గొల్లలంకకు మంచినీళ్ళు చేరుస్తుంది. లంకలో బావులన్నీ ఉప్పు. ఆ బండి కాక ఇంకొక దిక్కు లేదు. మూడు పూటలు వరసగా నీళ్ళందని లంకను ఖాళీ చేయించి మనుషుల్ని గట్టు మీది శిబిరానికి తోలడం ఇప్పటి చట్టం. ఒకసారి ఖాళీ అయిన లంకకు మళ్ళీ ఎవరూ వెళ్ళకూడదు. మీరాబీ పుట్టిందీ, మనువాడిందీ, మొగుణ్ణి మట్టి చేసిందీ ఆ లంకలోనే. ఆ బండికి మొదటి నుంచీ నేనే మెకానిక్కుని. అందుకని దాని ఒంట్లో కూడా నా హస్తవాసి రాసి ఉంది. నిన్న పొద్దుట నీళ్ళు నింపుకుని కట్ట దిగబోతూ అది ఆగిపోయింది.

నిన్న రెండు పూటలు పోయాయి. ఇవాళ పొద్దుటి పూట మిగిలింది. మీరాబీ తెల్లారకముందే షెడ్డుకు వచ్చి నిలబడింది.

"ఏం చేత్తావో చెయ్ మావా. పొద్దెక్కే లోపల నా బండి లంకలో ఉండాల."

మీరిచ్చిన దారులు ఆగ్నేసమ్మ చదివింది. ఒకటి, కొత్త సామాను అమర్చడం. అలాంటిది ఎక్కడా నిల్వ లేదు. రెండు, బండిని తుక్కుకు పంపడం. మూడు, చేర్చినవాడే ఐటెం వెనక్కు తీసుకుని కారణం చెప్పడం.

"కారణం ఏం చెప్పాలి?"

"రెండే ఉన్నాయి బాబాయ్. పొరపాటున చేర్చానంటే విచారణ. అది తేలిందాకా బండ్లు ఇట్టాగే నిలబడతాయి. రెండోది..." ఆగ్నేసమ్మ ఆగింది.

"చదవవే."

"అలాంటి వస్తువు లేదు. ఇది పెడితే అప్పటికప్పుడు అన్ని బండ్ల నుంచీ చెరిగిపోద్ది."

నేను మీరాబీ వైపు చూశాను. ఎంతమంది ముందో ఈ మనిషి నా చేతిని పొగిడింది. తుఫాను మధ్యలో లంక నుంచి తిరిగొచ్చిన రోజు నా అరచెయ్యి కళ్ళకద్దుకుంది. ఇప్పుడు "వద్దు మావా, అంత మాట రాయొద్దు" అంటుందేమో అనుకున్నాను. ఒక్కసారి అన్నా చాలు, తర్వాత నేనే రాసేవాణ్ణి.

"రాసెయ్ మావా" అంది. "లేదని రాసెయ్. నీ చేతిలో ఉందో లేదో తర్వాత చూసుకుందాం. నీ చెయ్యి ఎక్కడికన్నా పోద్దా? పూట పోద్ది."

"ఇన్నాళ్ళూ ఉందన్నావు గదే."

"ఉందనే అన్నా. ఇప్పుడూ కాదంటన్నానా? లేదని రాయమంటన్నా. రెండూ వేరు. నా ఇల్లు పోయినాక నీ చెయ్యి గొప్ప నేనేడ కూకుని చెప్పుకోవాలి, శిబిరంలోనా?"

తప్పు ఆమెది కాదు. నేనైనా అదే అంటాను.

"ఎక్కడ నొక్కాలి?" అన్నాను.

నొక్కడం కాదట. ఒప్పుకుంటున్నట్టు తెర మీద అరచెయ్యి ఆనించాలట. కుడిచెయ్యి. ఆనించాను. ముడుచుకున్న వేళ్ళు తెరకు సరిగా అంటలేదు. ఆగ్నేసమ్మ నా చెయ్యి మీద తన చెయ్యి వేసి మెల్లగా సాపు చేసి నొక్కింది. అలాంటి వస్తువు లేదు. కట్ట కింద బండ్ల దీపాలన్నీ ఒక్కసారిగా తెల్లబడ్డాయి. మీరాబీ పరుగెత్తుకెళ్ళి తన బండెక్కింది. అది నీళ్ళలోకి దిగాక వెనక్కి తిరిగి ఏదో అరిచింది, గాలికి వినపడలేదు.

పొద్దెక్కక ముందే లంకకు నీళ్ళందాయి. ఆ సంగతి మీకూ తెలిసే ఉంటుంది.

వివరణ 6

ఐటెం పోయింది కాబట్టి వివరణ రాయనక్కర్లేదని ఆగ్నేసమ్మ అంటుంది. నేను రాస్తాను. నాది ఇంకా తేలలేదు.

నిన్న మీ నుంచి ఒక ముక్క వచ్చింది: "పోలిక పూర్తయింది. ఐటెం ఉపసంహరించబడినందున ఫలితం చూపబడదు."

అంటే ఫలితం ఉంది. మీ దగ్గర ఉంది. నా చేతిలో ఏముందో ఈ లోకంలో తెలిసింది మీకొక్కరికే, మీరేమో దాన్ని పెట్టెలో పెట్టి మూతేశారు.

నేను కోపంతో రాయడం లేదు. కోపం మొన్నటిది. ఈ రెండు రోజుల్లో నాకొకటి జరిగింది. ఒక బండికి సీలు మార్చాను. పనంతా సవ్యంగానే అయింది. చివర్న ముక్కు మీద తట్టబోయి చెయ్యి గాల్లోనే ఆపేశాను.

"తట్టవేంది బాబాయ్?" అంది ఆగ్నేసమ్మ.

"ఏమని తట్టను? ఉందనా, లేదనా?"

"ఎప్పుడూ తట్టినట్టే తట్టు."

ఎప్పుడూ తట్టినట్టు ఎలా తట్టాలో గుర్తు రాలేదు. తట్టకుండానే పంపేశాను. అది మునగలేదు. తట్టిన బండీ మునగలేదు. తాకనివీ తాకినవీ కలిపి పంపిన బండ్లు ఏ నీళ్ళలో ఉన్నాయో, ఎన్ని కారుతున్నాయో నేనొక్కణ్ణే తిరిగి చూసిరాలేను. మీరు చూసేశారు.

గురవయ్యను కూడా అడిగాను. నిజం చెప్పమన్నాను. అతడు గడ్డం గోక్కున్నాడు. "నా బండ్లు కారేది సీలు వల్ల కాదేమోనని నాకెప్పుడూ అనుమానమే. నేను నాసిరకం గ్రీజు వాడతా" అన్నాడు. తర్వాత "అయినా నీ చెయ్యి మంచిదే" అన్నాడు. రెండిట్లో ఏది నమ్మాలో చెప్పలేదు.

నా మాట సూటిగా రాస్తున్నాను. అలాంటి వస్తువు లేదని నా చేత అరచెయ్యి ఆనింపజేసి ఒప్పించుకున్నారు. అది నిజమైతే, బతుకంతా నేనూ జనమూ లేనిదాన్ని పొగుడుకున్నాము. తెలుసుకుని నోరు మూసుకుంటాను, ఆ పొగరు తీసి పక్కన పెడతాను. అది అబద్ధమైతే, అబద్ధానికి చెయ్యి ఆనించింది నేను, ఆనించమన్నది మీరు. అందులో సగం మీరు మొయ్యాలి. ఏది ఏదైనా నాకు పరవాలేదు. తెలియకుండా ఉండటమే పడదు.

లేదని తేలితే పని మానేస్తానేమోనని మీకు అనుమానం ఉంటే అది వదిలెయ్యండి. సీలు సీలే, పానా పానే. ఉందని తేలితే మళ్ళీ జాబితాలో పెట్టమని కూడా అడగను. ఒకసారి సామానుగా ఉండి చూశాను, చాలు.

శుక్రవారం పొద్దున్నే మీరాబీ బండి నా షెడ్డుకు వస్తుంది. షాఫ్టు ఊగుతోందంట. విప్పి బిగించి, ఆ బండిని మళ్ళీ లంకకు పంపాలి. దాని మీద చెయ్యి వెయ్యబోయే ముందు నాకు తెలియాలి. గురువారం పొద్దుగూకేదాకా తెర ముందు నేనే కూర్చుంటాను, ఆగ్నేసమ్మను కూడా కూర్చోనివ్వను. మీ పద్ధతి చెప్పొద్దు, లెక్కలు పంపొద్దు, విభాగం పేరు రాయొద్దు.

ఉందా, లేదా? గురువారం లోపు చెప్పండి.